పాఠకుని తీర్పు : 'వాచ్‌మెన్' చిత్రనవలపై అభిప్రాయముల చరిత్ర

ఒక గ్రంథము రచింపబడిన చరిత్ర వేఱు, అది చదువబడిన చరిత్ర వేఱు. మన సాహిత్యచరిత్రకారులు మొదటిదానియందు విశేషపరిశ్రమ చేసిరి. కవికాలనిర్ణయము, కృతిభర్త, మూలగ్రంథము, పాఠభేదములు మొదలగు విషయములపై గ్రంథములకు గ్రంథములే వెలసినవి. కాని ఒక కావ్యమును దాని కాలమువారు ఎట్లు చదివిరి, అందలి ఏ పాత్రను మెచ్చిరి, దేనిని రోసిరి అను ప్రశ్నకు ప్రాచీనవాఙ్మయమున సమాధానము దొరకుట దుర్లభము. లక్షణకర్తల యుదాహరణములు, వ్యాఖ్యాతల పంక్తులు, చాటువులు మాత్రమే మనకు మిగిలిన పాఠకసాక్ష్యములు. ముద్రణయుగమున, అందును పత్రికలు వ్యాపించిన పిదప, ఈ లోపము చాలవఱకు తీరినది. అట్టి యాధారములు సమృద్ధిగా గల యొక ఆధునికగ్రంథమును గైకొని, దానిపై పాఠకుల యభిప్రాయము లెట్లు పుట్టి, ఎట్లు మారి, తుదకు గ్రంథకర్త యుద్దేశమునకే ఎదురు నిలిచినవో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఆ గ్రంథము 'వాచ్‌మెన్'. దీనిని రచించినవాడు ఆంగ్లదేశమున నార్తాంప్టన్ నగరవాసియగు ఆలన్ మూర్. చిత్రించినవాడు డేవ్ గిబ్బన్స్. రంగులు కూర్చినవాడు జాన్ హిగ్గిన్స్. అమెరికాలోని డి.సి. కామిక్స్ సంస్థ దీనిని 1986-87 సంవత్సరములలో పండ్రెండు సంచికలుగా ప్రకటించి, 1987లో ఒకే సంపుటముగా వెలువరించెను. బొమ్మల కథకు విశ్వవిద్యాలయ పత్రికలో స్థానమేమి యని శంకింపవచ్చును. 1988లో దీనికి హ్యూగో పురస్కారము ప్రత్యేకశాఖ క్రింద లభించినది. 2005లో 'టైమ్' పత్రిక 1923 తరువాత ఆంగ్లమున వెలసిన నవలలలో నూఱింటిని ఏర్చి కూర్చినప్పుడు వానిలో చేరిన చిత్రనవల ఇదియొక్కటియే. అయినను ఈ గౌరవములు మన పరిశీలనకు కారణములు కావు. కర్త యుద్దేశమును పాఠకుల గ్రహణమును రెండును లిఖితరూపమున నిలిచియుండి, ఆ రెండును విస్పష్టముగా భిన్నమార్గముల పోయిన గ్రంథ మగుటయే దీని విశేషము.

కథాసంగ్రహము నిచట చెప్పుట యవసరము. కథాకాలము 1985, స్థలము న్యూయార్కు. వాస్తవచరిత్రకు భిన్నముగా రిచర్డ్ నిక్సన్ ఇంకను అధ్యక్షపదవియందే యున్నాడు. ముసుగులు ధరించి నేరస్థులను శిక్షించు సాహసవీరులను 1977లో చట్టము నిషేధించినది. వారిలో ప్రభుత్వమునకు లోబడి పనిచేయుచున్న 'కమెడియన్' అనువాడు ఒక రాత్రి హత్య గావింపబడును. చట్టమునకు లొంగక రహస్యముగా సంచరించుచున్న రోర్‌షాక్ అను ముసుగువీరుడు ఈ హత్యను పరిశోధింప బూనును. ఎవడో ముసుగువీరుల నందఱను వరుసగా తుదముట్టించుచున్నాడని అతని యూహ. కథ నడచినకొలది హత్యారహస్యము అణుయుద్ధభీతితో ముడివడును. పదునొకండవ సంచికలో రహస్యము బయటపడును. పూర్వవీరులలో ఒకడును, మహాధనికుడును, అసమానమేధావియు నగు ఓజిమాండియాస్ అణుయుద్ధమును మాన్పుటకై ఒక మాయారాక్షసిని సృష్టించి, న్యూయార్కు జనులలో లక్షలమందిని బలిగొని, ఆ భయముచే అగ్రరాజ్యముల నేకము చేయును. తక్కినవారు ఈ యసత్యమును లోకక్షేమార్థము మౌనముగా అంగీకరింతురు. రోర్‌షాక్ ఒక్కడే అంగీకరింపక ప్రాణము కోల్పోవును. కాని అతని దినచర్యపుస్తకము అప్పటికే ఒక చిన్న పత్రికాకార్యాలయమునకు చేరియుండును. దానిని ప్రకటింతురా లేదా యన్నది తేలకుండగనే కథ ముగియును. గ్రంథనామము రోమనుకవి జువెనాల్ ఆఱవ వ్యంగ్యకావ్యమందలి ప్రశ్ననుండి గ్రహింపబడినది. కావలివారికి కావలి యెవరన్నదే ఆ ప్రశ్న.

ఈ గ్రంథముపై వెలువడిన యభిప్రాయములను గ్రహించుటకు ముందు అమెరికాలో బొమ్మల కథల పాఠకునికి గల పూర్వచరిత్రను తెలిసికొనవలయును. ఆ చరిత్రలో పాఠకుడు మొదట సాక్షిగా గాక రోగిగా ప్రవేశించినాడు. 1954లో ఫ్రెడరిక్ వర్థమ్ అను మనోరోగవైద్యుడు 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నొసెంట్' అను గ్రంథమును ప్రకటించి, బాలుర దుష్ప్రవర్తనకు కామిక్స్ కారణమని వాదించెను. ఆ వాదమునకు ఆధారములు బాలుర మాటలే: వారేమి చదివిరి, ఏమి తలచిరి, ఏమి చేయగోరిరి అను సంభాషణలు. ఆ సంవత్సరముననే సెనేట్ ఉపసంఘము విచారణ జరిపినది. ప్రభుత్వశాసనమునకు భయపడిన ప్రకాశకులు తమకు తామే 'కామిక్స్ కోడ్' అను నియమావళిని విధించుకొనిరి. మంచి చెడుపై జయింపవలయును, నేరస్థుడు శిక్ష ననుభవింపవలయును, పోలీసులయు న్యాయాధిపతులయు గౌరవమునకు భంగము కలుగరాదు అనునవి అందలి ముఖ్యనియమములు. ఇట్లు పాఠకుని యభిప్రాయమను పేర పాఠకుని రక్షించు విధానము ఏర్పడినది. విచిత్ర మేమనగా, వర్థమ్ కాగితములు 2010లో పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చిన తరువాత, కెరల్ టిల్లీ యను విదుషి వానిని పరిశీలించి, 2012లో ప్రకటించిన వ్యాసమున ఆతడు బాలుర మాటలను మార్చియు, కలిపియు, కొన్నింటిని విడిచియు ప్రకటించినట్లు నిరూపించెను. పాఠకాభిప్రాయమును ఆధారముగా గైకొను పరిశోధకులకు ఇది యొక హెచ్చరిక.

రెండవ దశలో పాఠకుడు ఉత్తరము వ్రాయువాడైనాడు. 1950ల చివరినుండి కామిక్స్ సంచికలలో ఉత్తరముల పుటలు స్థిరపడినవి. డి.సి. సంపాదకుడు జూలియస్ స్వార్ట్జ్ ఉత్తరములతోపాటు వ్రాసినవారి చిరునామాలను సంపూర్ణముగా ముద్రించుట మొదలిడెను. దీని ఫలితము ఆతడైనను ఊహించెనో లేదో. దూరదూరముల నున్న పాఠకులు ఒకరికొకరు ఉత్తరములు వ్రాసికొని, చేతితో నకళ్లు తీసిన చిన్నపత్రికలు నడిపి, 1964 నుండి సమావేశములు జరుపజొచ్చిరి. 1970లలో కామిక్స్ మాత్రమే విక్రయించు ప్రత్యేకవిపణులు వెలసినవి. ఈ యంగళ్లకు వచ్చువారు చిల్లర నాణెములతో వచ్చు బాలురు మాత్రమే కారు. బాల్యమున చదివి, పెరిగి, చదువు మానని వయోజనులు. 'వాచ్‌మెన్' ఈ వయోజనపాఠకుల కొఱకు, కోడ్ ముద్ర లేకుండ వెలువడిన గ్రంథము.

ఇచట ఒక చిన్నవిషయము గమనింపదగినది. సంచికల చివర ఉత్తరముల పుట యుండుట నాటి మర్యాద. క్రొత్తగా ఆరంభించిన పత్రికకు మొదటి మూడుసంచికల వఱకు ఉత్తరములు వచ్చుటకు వీలులేదు గనుక, 'వాచ్‌మెన్' కర్తలు ఆ పుటలలో కథలోని యొక పాత్ర వ్రాసినట్లు కల్పించిన యాత్మకథాభాగములను ప్రచురించిరి. నాల్గవసంచికనుండి పాఠకుల యుత్తరములు రావలసియుండెను. కాని అప్పటికి వారికి ఆ కల్పితపత్రములే గ్రంథమునకు గాంభీర్యము తెచ్చుచున్నవని తోచినది. వైద్యుని నివేదికలు, పత్రికావ్యాసములు, వ్యాపారలేఖలు ఉత్తరముల స్థానమునాక్రమించినవి. ఇట్లు పాఠకుడు మాటలాడవలసిన చోట గ్రంథమే మాటలాడినది. అతడు తన యభిప్రాయమును చెప్పుటకు వేఱుస్థలమును వెదకికొనవలసివచ్చెను. ఈ గ్రంథముపై అభిప్రాయములు దానిలో గాక దాని వెలుపలనే పెరుగుటకు ఇది యొక చిన్నకారణము.

మూడవ దశలో పాఠకుడు న్యాయాధిపతి యైనాడు. 'వాచ్‌మెన్' ముగిసిన మఱుసటి సంవత్సరము, 1988 సెప్టెంబరు 15, 16 తేదీలలో, అదే సంస్థ బ్యాట్‌మ్యాన్ అనుచరుడగు జేసన్ టాడ్ అను బాలుని పాత్ర జీవింపవలయునా మరణింపవలయునా యని పాఠకులను టెలిఫోను ద్వారా అడిగెను. ఒక్కొక్క పిలుపునకు 50 సెంట్లు రుసుము. మరణము కోరిన వోట్లు 5,343. జీవితము కోరినవి 5,271. 72 వోట్ల యాధిక్యముచే ఆ పాత్ర మరణించెను. ఈ సంఘటనను పాఠకప్రభుత్వమునకు నిదర్శనముగా పలువురు ఉదాహరింతురు. కాని ఈ 10,614 వోట్లు అభిప్రాయముల లెక్క కాదు, పిలుపుల లెక్క. ఒకడే పలుమారులు పిలువకుండ నియమ మేదియు లేకుండెను. అంతకన్న ముఖ్యమైనది, అవునో కాదో యను ప్రశ్నకు కారణము చెప్పు చోటు లేదు. చంపుడనినవాడు ఆ బాలుని ద్వేషించి చెప్పెనా, కథకు బరువు కలుగునని చెప్పెనా యన్నది సంఖ్య తెలుపజాలదు. 2005లో ఆ పాత్రను సంస్థయే మరల బ్రదికించినది.

ఇక 'వాచ్‌మెన్'పై వెలువడిన యభిప్రాయములు. ఇవి ప్రధానముగా మూడు విషయముల చుట్టును తిరిగినవి. మొదటిది కథాంతము. హత్యాపరిశోధనగా మొదలైన కథ మాయారాక్షసితో ముగియుట ఔచిత్యభంగమని కొందఱు తలచిరి. గ్రంథమునకు తొలి సంపాదకుడగు లెన్ వీన్ కూడ ఈ ముగింపు 1963 నాటి 'ది ఔటర్ లిమిట్స్' అను టెలివిజన్ ధారావాహికలోని యొక కథను పోలియున్నదని అభ్యంతరము చెప్పెను. మూర్ దానిని మార్పలేదు. పైగా తుదిసంచికలో ఆ కథను నామమాత్రముగా స్మరించి ఋణము నొప్పుకొనెను. 2009లో జాక్ స్నైడర్ దర్శకత్వమున వెలువడిన చలనచిత్రము రాక్షసిని తొలగించి, డాక్టర్ మన్‌హాటన్ అను అతిమానవునిపై నింద మోపి కథను ముగించినది. అప్పుడు పాఠకులు రెండుగా చీలిరి. మార్పుచే కథ బిగువైనదని కొందఱు, వికృతముగా నుండుటయే ఆ ముగింపునకు ప్రాణమని కొందఱు వాదించిరి.

రెండవది ఓజిమాండియాస్ చర్య. లక్షలమందిని చంపి కోట్లమందిని కాపాడుట ధర్మమా? గ్రంథము తీర్పు చెప్పదు. 1986 నాటి పాఠకునికి ఇది శుష్కతర్కము కాదు. చెర్నోబిల్ ప్రమాదము ఆ సంవత్సరము ఏప్రిలులో జరిగినది. అగ్రరాజ్యముల యణ్వాయుధస్పర్ధ ఉచ్చస్థితియందున్నది. 1991లో సోవియట్ యూనియన్ అంతరించిన తరువాత చదివినవారికి ఆ భయము చరిత్రలో భాగమైనది. ఓజిమాండియాస్ లెక్క వారికి మఱింత నిష్ఠురముగా తోచుట సహజము. ఒకే పుట రెండుకాలములవారికి రెండర్థముల నిచ్చుటకు ఇది స్పష్టమైన యుదాహరణము.

మూడవదియు, మనకు ముఖ్యమైనదియు రోర్‌షాక్ పాత్ర. ఈ పాత్రకు మూలము స్టీవ్ డిట్కో సృష్టించిన 'క్వశ్చన్', 'మిస్టర్ ఏ' అను వీరులు. ఇరువురును 1967లో వెలసినవారే. డిట్కో అయిన్ రాండ్ తత్త్వమును నమ్మినవాడు. మంచికిని చెడుకును నడుమ మిశ్రమము లేదనుట ఆ తత్త్వసారము. మూర్ ఆ తత్త్వమును తుదివఱకు నడపినచో మనుష్యుడేమగునో చూపదలచెను. కావున రోర్‌షాక్ ముసుగుపై నలుపుతెలుపులు కదలుచుండును గాని కలిసి బూడిదరంగు కావు. అతడు స్నానమెఱుగడు, మిత్రులు లేరు, స్త్రీలను ఏవగించుకొనును, సమాచారమునకై అపరిచితుల వ్రేళ్లు విరుచును. ఇట్టివానిని పాఠకులు జుగుప్సతో చూతురని కర్త యాశించెను. జరిగినది వేఱు. తమకు ప్రియతమమైన పాత్ర రోర్‌షాక్ యని చెప్పువారు అసంఖ్యాకులైరి. నేనే రోర్‌షాక్‌నని తనయెదుట చెప్పుకొన్నవారిని చూచి కలవరపడితినని మూర్ తరువాతి సంభాషణలలో పలుమారు చెప్పెను. గ్రంథమునకు పిదప వచ్చిన రచయితలలో పెక్కురు అందలి క్రౌర్యమునే అనుకరించిరి గాని విమర్శను అనుకరింపలేదు. ఇదియు నాతనికి ఖేదకారణమైనది.

ఈ భేదమునకు కారణమేమి? పాఠకులు అపార్థము చేసికొనిరని తేల్చుట సులభము. కాని ఒకరిద్దఱు గాక వేలమంది ఒకేవిధముగా చదివినప్పుడు, కారణమును గ్రంథమునందే వెదకుట పరిశోధకధర్మము. నా యభిప్రాయమున ఆ కారణము కథాస్వరూపముననే కలదు. 'వాచ్‌మెన్' అపరాధపరిశోధక కథగా మొదలగును. మొదటిపుటలో మనకు వినబడు తొలికంఠము రోర్‌షాక్ దినచర్యది. హత్యాస్థలమునకు మనలను తీసికొనిపోవువాడతడే. రహస్యపు బీరువాను కనుగొనువాడతడే. కొనన్ డాయిల్ కథలలో షెర్లాక్ హోమ్స్‌కును పాఠకునికిని నడుమ వాట్సన్ నిలిచియుండును. ఆ మిత్రుని సామాన్యదృష్టి పరిశోధకుని వైపరీత్యమును మనకు దూరమునుండి చూపును. రోర్‌షాక్‌కు వాట్సన్ లేడు. అతని దినచర్యయే అతని కథకుడు. నిజమును తెలిసికొనగోరు పాఠకుడు, నిజమును తెలిసికొనగోరు పాత్ర వెంట నడచును. ఆ నడకలో కోరిక యొక్కటియే గనుక నడచువారు నొక్కటియైనట్లు తోచును.

మఱియొక కారణము తుదిఘట్టము. అందఱును అసత్యమునకు తల యొగ్గినప్పుడు రోర్‌షాక్ ఒక్కడే యొగ్గడు. ముసుగు తీసివేసి, కన్నీటితో మరణమును కోరుకొనును. ఈ దృశ్యమునందు కర్త తన పాత్రకు గౌరవము నొసగెననుట నిర్వివాదము. కావున రోర్‌షాక్‌ను మెచ్చిన పాఠకుడు గ్రంథమున లేనిదానిని కల్పించుకొనలేదు. ఉన్నదానిలో నొకభాగమునే గైకొనెను. ఆఱవసంచికలో కారాగారమున వైద్యుడు మాల్కమ్ లాంగ్ అతనిని పరీక్షించు భాగమున్నది. అది మిగిలిన భాగము. ఆ సంచికలో మనము మొదటిసారిగా వైద్యుని కన్నులతో రోర్‌షాక్‌ను చూతుము. అనగా వాట్సన్ ఆలస్యముగా వచ్చినాడు. అతడు వచ్చునప్పటికి పాఠకుని మనస్సు ఒకరికి ఆనతియై యుండెను.

ఆ పాత్ర నామమే ఈ విషయమున సార్థకము. స్విట్జర్లాండు దేశపు వైద్యుడు హెర్మన్ రోర్‌షాక్ (1884-1922) సిరామరకల చిత్రములను చూపి రోగియొక్క మనస్సును తెలిసికొను పరీక్షను 1921లో ప్రకటించెను. మరకలో అర్థము లేదు. చూచువాడు దానిలో తన్నే చూచికొనును. పాత్రకు ఆ పేరు పెట్టిన కర్త, పాఠకుల విషయమున ఆ పరీక్షయే జరిగినప్పుడు ఆశ్చర్యపడుట ఒక విధముగా విచిత్రమే.

మన యాలంకారికుల పరిభాషలో ఈ ప్రశ్న నిట్లు చెప్పవచ్చును. రసానుభవమున పాఠకునికి పాత్రతో సాధారణీకరణము కలుగునని భట్టనాయకుడు బోధించెను. నాయకుడు ధీరోదాత్తుడైనచో ఆ సాధారణీకరణము మనస్సును సంస్కరించును. నాయకస్థానమున నున్నవాడు క్రూరుడైనచో? ప్రాచీనులు దానిని రసాభాసమని త్రోసిపుచ్చి యుందురు. కాని నేటి కథనము ఉద్దేశపూర్వకముగనే అట్టివానిని నాయకస్థానమున నిలుపుచున్నది. అచట వివేకము కర్తదా, సహృదయునిదా యను ప్రశ్న తప్పదు. పాఠకుడు అసహృదయుడని తేల్చుట దీనికి సమాధానము కాదు. సాధారణీకరణము కలిగించు సాధనమును కర్త ప్రయోగించి, ఫలము కలుగరాదని కోరుట న్యాయము కాదు. అట్లని సాధనమునకు వశుడైన పాఠకునికి బాధ్యత లేదనుటయు న్యాయము కాదు. గ్రంథము రెండవసారి చదువుటకు అవకాశ మిచ్చుచునే యున్నది.

ఈ విచారము కేవల సిద్ధాంతచర్చ కాదని 2019లో స్పష్టమైనది. ఆ యేట హెచ్.బి.ఓ. సంస్థ ప్రసారము చేసిన 'వాచ్‌మెన్' ధారావాహికలో డేమన్ లిండెలాఫ్ కథను ముప్పదినాలుగేండ్లు ముందునకు నడిపెను. రోర్‌షాక్ దినచర్య ప్రకటితమైనది. దానిని చదివిన జాతివిద్వేషులు ఆ ముసుగునే ధరించి హత్యలు చేయుచున్నారు. కథారంభమున 1921లో ఓక్లహోమా రాష్ట్రపు టల్సా నగరమున నల్లజాతివారిపై జరిగిన మారణకాండ చూపబడినది. పాఠకాభిప్రాయచరిత్రయందు ఇది అపూర్వము. ఒక గ్రంథమునకు కలిగిన యపపాఠమే దాని యుత్తరకథకు వస్తువైనది. అందలి దుష్టులు రోర్‌షాక్ పాఠకులు. అభిమానపాఠకుడు అద్దమున తన్ను చూచుకొనక తప్పదు. దీనిని కొందఱు మెచ్చిరి, మఱికొందఱు తమ ప్రియపాత్రకు చేసిన యవమానముగా తలచిరి. ఆ రెండవవారి కోపము కూడ మనకు సాక్ష్యమే.

పరిశోధకవిద్యార్థులు ఈ చరిత్రనుండి గ్రహింపదగిన విషయములు మూడు. ఇతరులు సేకరించి ప్రకటించిన పాఠకుల మాటలకు మూలప్రతి చూడనిదే విలువ కట్టరాదు. వర్థమ్ విషయమున ఆ మూలము బయటపడుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది. సంఖ్య అభిప్రాయము కాదు. దాని వెనుక నున్న కారణమును వేఱుగా వెదకవలయును. మూడవది, కర్త తన గ్రంథమును గూర్చి పిదప చెప్పిన మాట కూడ ఒక పాఠకుని మాటయే. అది గౌరవార్హమైనది, ప్రథమశ్రేణి సాక్ష్యమైనది. కాని గ్రంథమునకు ప్రత్యామ్నాయము కాదు. మూర్ మాటను గ్రంథముతో సరిచూచినప్పుడే పాఠకులు ఎచట తప్పిరో, ఎచట తప్పలేదో మనకు తెలిసినది.

'వాచ్‌మెన్' తుదిచిత్రమున రోర్‌షాక్ దినచర్య పత్రికాకార్యాలయపు కాగితముల కుప్పలో పడియుండును. ఏది ముద్రింపవలయునో నీవే నిర్ణయింపుమని సంపాదకుడు ఒక యువసహాయకునితో చెప్పును. ఆతని చేయి కుప్పవైపు సాగుచుండగా చిత్రము ఆగిపోవును. అతడు దేనిని తీసెనో గ్రంథము చెప్పలేదు. ఆ నిర్ణయమును గత నాలుగుదశాబ్దులుగా పాఠకులే చేయుచున్నారు. ఏ పాత్ర వెంట నడచుచు కథ చదివితిమో, ఆ నడకలో మన వివేకమును ఎచట విడిచితిమో తెలిసికొనుట అపరాధపరిశోధక కథ చదువువానికిని, తరగతిలో కావ్యము బోధించువానికిని సమానమైన కర్తవ్యము.